కథకు పృచ్ఛకులు కావాలి: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం

అష్టావధానంలో పద్యానికి పెట్టే పరీక్షల్ని ఒక్కొక్కటిగా వచన కథకు పెట్టి చూడాలన్నదే ఈ ప్రాజెక్టు. ఏది పనికొచ్చిందో, ఏది రాలేదో ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోవాలి. చివరికి మా చిన్న గుంపు వాడుకోడానికి కొన్ని అభ్యాసాలు మిగలాలి. వాటిలోంచి కనీసం ఒక్క కథైనా బయటికి రావాలి.

కథలు రాసేవాళ్ళు నలుగురు కలిస్తే వినిపించే మాట "ఏమీ తట్టడం లేదండీ" అని. అవధానికి ఆ మాట అనే వీలు లేదు. ఎదురుగా ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుని ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు పొంతన లేని నాలుగు పదాలు చేతిలో పెట్టి, వీటితో భారతార్థంలో పద్యం చెప్పమంటారు. ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతారు. ఇంకొకరు సరిగ్గా ఊపు అందుకునే సమయానికి "అవధానిగారూ, ఇంతకీ మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?" అని మొదలుపెడతారు. ఆవృత్తానికో, అంటే చుట్టుకో, పాదం చొప్పున నాలుగు ఆవృత్తాల్లో పద్యాలు పూర్తి కావాలి, ఆ తర్వాత అన్నీ ధారణ చేయాలి, అంటే జ్ఞాపకం నుంచి అప్పజెప్పాలి. అయినా పద్యం పుడుతోంది. అడ్డం పడ్డారు కాబట్టే పుడుతోందని నా నమ్మకం. ఆ నమ్మకం వచనంలో నిలబడుతుందో లేదో చూడాలి.

రాజమండ్రిలో ఈ పనికి మనుషులు దొరకడం కష్టం కాలేదు. తెలుగు పండితుడిగా రిటైరైన మాస్టారు ఉన్నారు, అవధానాల్లో పృచ్ఛకుడిగా కూర్చున్న అనుభవం ఆయనది. దేవీచౌక్ దగ్గర మెడికల్ షాపు నడిపే బాబాయ్ ఉన్నాడు. రాయడం తక్కువ, చెప్పడం ఎక్కువ. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి ఉంది, నన్ను అక్కా అంటుంది, రాసింది వెంటనే చూపించడానికి ఏమాత్రం జంకదు. ఆదివారాలు మాస్టారి ఇంటి వరండాలో కలుస్తున్నాం.

జూన్, సమస్య

మొదటి పరీక్ష సమస్య. పద్యంలో సమస్య అంటే పైకి అసంబద్ధంగానో, అనరాని మాటగానో కనిపించే పాదం. మిగతా మూడు పాదాలు కట్టి దాన్ని సబబుగా చూపించాలి. దీనికి తెలిసిన దారులు కొన్ని ఉన్నాయి. పై పాదం చివర ఓ అక్షరం కలిపి సమస్యలోని మొదటి మాటనే మార్చేయడం ఒకటి. క్రమాలంకారంలో మూడు ప్రశ్నలు వేసి, సమస్యలోని పదాలనే వరసగా జవాబులు చేయడం ఇంకొకటి. ఆకాశవాణిలో సమస్యాపూరణం వింటూ పెరిగిన మాస్టారికి ఇవన్నీ కంఠోపాఠం.

మేము పెట్టుకున్న నియమం: ఒక వాక్యం ఇస్తాం. అది జరగనిదిగానో, జరగకూడనిదిగానో కనిపించాలి. కథ దాన్ని నిజం చేయాలి. కల వచ్చిందనీ, మతి చలించిందనీ, మంత్రం వేశారనీ తప్పించుకోకూడదు.

వచ్చిన సమస్యల్లో నాకు నచ్చినవి రాస్తున్నాను. "ఊళ్ళో దొంగ పడ్డాడని తెలిసి అందరూ తలుపులు తీసిపెట్టారు." ఇది బాబాయ్‌ది. "పోస్టుమాన్ ఉత్తరం ఇచ్చి, చదవొద్దని బతిమాలాడు." ఇది నాది. అమ్మాయి ఇచ్చినది: "పెళ్ళికొడుకు తన పెళ్ళికి తానే చదివింపులు రాయించాడు."

ఈ చివరిది నా వంతుకు వచ్చింది.

రాయడం మొదలుపెట్టేముందు మాస్టారు ఒక పాత సమస్య తీశారు. రాయలవారి సభలో తెనాలి రామకృష్ణుడికి ఇచ్చారని అందరం చెప్పుకునేదే: "కుంజర యూధంబు దోమ కుత్తుక జొచ్చెన్." ఏనుగుల మంద దోమ గొంతులో దూరడం. అంతటి పాండవులు విరాటుడి లాంటి చిన్న రాజు కొలువులో చేరిన ఘట్టానికి ముడిపెట్టి కవి దాన్ని తేల్చేశాడు. మాస్టారు చూపించింది ఆ పూరణలో నేనెప్పుడూ ఆగి చూడని చోటు. "సంజయా" అని ఒక పిలుపు ఉంది అందులో. ఆ ఒక్క పిలుపుతో మాట్లాడేవాడు ఒకడు, వినేవాడు ఒకడు వచ్చి కూర్చున్నారు. అప్పటిదాకా ఎవరూ అనని మాటగా గాల్లో ఉన్న వాక్యం, ఒక మనిషి ఇంకో మనిషితో విధిని తలుచుకుని అన్న మాట అయింది. ఏనుగులూ దోమా ఎక్కడికీ పోలేదు, కానీ ఇప్పుడు నమ్ముతాం.

"అమ్మాయ్, ముందు ఎవరు ఎవరితో చెబుతున్నారో తేల్చుకో. ఎందుకు జరిగిందో దానంతటదే వస్తుంది" అన్నారు మాస్టారు.

నా సమస్యకు ఎవరు ఎవరితో? పెళ్ళికొడుకు తన భార్యతో చెబితే అది సరదా ముచ్చట అవుతుంది. స్నేహితుడు స్నేహితుడితో చెబితే ఎగతాళి అవుతుంది. పెళ్ళిలో బల్ల వేసుకుని చదివింపులు రాసే పెద్దమనిషి చెబితే? ఆయనకు లెక్క తెలుసు, రహస్యమూ తెలుసు. ఆయన ఎవరితో చెబుతాడు? దానికి ఆ రోజు జవాబు దొరకలేదు, దాన్ని అలాగే ఉంచాను.

ఎందుకు జరిగిందన్నది మాత్రం నిజంగానే దానంతటదే వచ్చింది. పెళ్ళికొడుకు మేనమామ అలిగి పెళ్ళికి రాలేదు. ఆ పేరు మైకులో వినిపించకపోతే తల్లి పుట్టింటి వరస మొత్తం ఖాళీగా ఉండిపోతుంది. అందుకని పెళ్ళికొడుకే తన జేబులోంచి అయిదు వేల నూట పదహార్లు తీసి, మామయ్య పేరున రాయించాడు.

అమ్మాయి నాకన్నా వేగంగా దొంగ కథ పూర్తి చేసింది. పోయిన సామాన్లు ఒక్కొక్క ఇంట్లో తిరిగి పెట్టేసి పోతున్న దొంగ. ఆ ఊరి సర్పంచి కొత్తగా వచ్చిన ఎస్సైకి సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు రాసింది. సర్పంచి ఇంటి తలుపు మాత్రం మూసే ఉంటుంది. ఎందుకో కథలో చెప్పలేదు. చెప్పకపోవడమే సరైన పని.

జూన్ చివర, దత్తపది

ఇచ్చిన పదాలతో పద్యం చెప్పించడమే దత్తపది. దానికి మేము చేసిన మార్పు: నాలుగు పదాలూ ఒకే వృత్తిలోంచి తేవాలి, కథ మాత్రం ఆ వృత్తి గురించి కాకూడదు. పదాలు నిఘంటువులోంచి తీసుకోకూడదు. అక్కడికి వెళ్ళి, పని చేసేవాళ్ళ నోటి నుంచి వినాలి.

కడియం మాకు పక్కనే. పొద్దున్నే వెళ్ళి ఒక నర్సరీలో కూర్చున్నాం. అంటు కట్టే ఆయన చేతులు ఆపకుండానే మాట్లాడాడు. మామిడి టెంక నాటి పెంచిన మొక్కని కుండీతో సహా ఎత్తి, తల్లి చెట్టు కొమ్మ దగ్గరికి చేరుస్తారు. రెండింటికీ ఒకే పొడుగున చెక్కు తీసి, చెక్కిన చోట్లు ఒకదానికొకటి ఆనించి, గట్టిగా చుట్టి కడతారు. రెండు మూడు నెలలకు అతుక్కుంటుంది. అప్పుడు కూడా కొమ్మని తల్లి నుంచి ఒక్క దెబ్బకి కోసేయరు. ముందు చిన్న గాటు, కొన్నాళ్ళు ఆగి ఇంకాస్త లోతు, ఆ తర్వాతే తెంచుతారు. "ఒకేసారి కోసేస్తే దిగులు పెట్టుకుంటాదండి" అన్నాడు. ఆ మాట నోటుబుక్కులో రాసుకుని దాని చుట్టూ గీత గీసుకున్నాను.

అక్కణ్ణించి తెచ్చిన పదాలు: అంటు, కుండీ, ఎర్రమట్టి, కవరు.

కవరు వెంటనే కుదిరింది. వాళ్ళకది మొక్క పెట్టే నల్ల సంచి, నా కథలో చదివింపుల కవరు, పైన రూపాయి బిళ్ళ అతికించి ఉన్నది. కుండీని పెళ్ళి పందిట్లో గుమ్మానికి అటూ ఇటూ పెట్టేశాను. అది అలంకారం తప్ప ఇంకేమీ కాదు, ఉంటే ఉంటుంది పోతే పోతుంది. అసలు ఫలితం ఇచ్చింది అంటు. మేనమామ అప్పటిదాకా ఒక పేరు, ఒక అలక. అంతకుమించి మనిషి లేడు. అంటు అనే మాట ఎక్కడో ఒకచోట పెట్టి తీరాలి కాబట్టి, చెల్లెలు కాపరానికి వెళ్ళిన ఏడాది ఆయన మామిడి అంటు తెచ్చి, ఆ ఇంటి పెరట్లో గొయ్యి తవ్వించి, ఎర్రమట్టి పోయించి, తన చేత్తో నాటాడు. ఇప్పుడది కాపు కాస్తోంది. అన్నా చెల్లెళ్ళు మాట్లాడుకోవడం లేదు. ఏటా కాయలు దించి బుట్టలకెత్తేటప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఆ చెట్టు పేరు పలకరు.

ఇదంతా నా ఊహలో ముందు నుంచీ ఉన్నది కాదు. ఒక పదాన్ని వాడక తప్పని పరిస్థితి తెచ్చిపెట్టింది. "మంచి పాత్రను సృష్టించండి" అని ఎవరైనా సలహా ఇస్తే నా చేతికి ఏమీ అందదు. "అంటు అనే మాట వాడు" అంటే ఒక మనిషి పలుగు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

జూలై, వర్ణన

ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, చదివింపులు రాసేవాళ్ళకీ మైక్‌సెట్ వాళ్ళకీ కాస్త తీరిక. వర్ణనాంశం "చదివింపుల పుస్తకం" అని మాస్టారే ఇచ్చారు, ఇచ్చి ఊరుకోకుండా బీరువాలోంచి వాళ్ళ ఇంటి పాత పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు.

పొడుగాటి అట్ట పుస్తకం. నాలుగు మూలలా పసుపు, ఇప్పుడది గోధుమ రంగుకు తిరిగింది. మొదటి పేజీలో శ్రీకారం, దాని కింద ముహూర్తం. లోపల గీతలు చేత్తో కొట్టినవి: పేరు, ఊరు, రూపాయలు. నూట పదహార్లు ఎక్కువ, అక్కడక్కడ అయిదు వందల పదహార్లు, వెయ్యి నూట పదహార్లు కనిపించిన చోట రాసినాయన అంకె కాస్త పెద్దగా వేశాడు. డబ్బుల మధ్యలో వస్తువులు: స్టీలు బిందె, గోడ గడియారం, వెండి కుంకుమ భరిణె. ఒక పేరు పక్కన "మనిషి చేత పంపినది" అని ఉంది. మధ్యలో ఒకచోట సిరా మారింది. నీలం అయిపోయి నలుపు. అక్కడ రాత కూడా వాలింది, భోజనాల వేళ అయి ఉంటుంది, జనం ఒక్కసారిగా బల్ల మీద పడి ఉంటారు. ప్రతి పేజీ అడుగున మొత్తం, దాన్ని మళ్ళీ తర్వాతి పేజీకి ఎత్తి రాయడం.

కొన్ని పేర్ల పక్కన పెన్సిలుతో చిన్న టిక్కులు ఉన్నాయి. అవేమిటని అడిగాను. వాళ్ళింట్లో పెళ్ళికి తిరిగి చదివించినప్పుడు వేసిన గుర్తులట. శుభలేఖ వచ్చిందంటే ముందు ఈ పుస్తకం తీస్తారు. మనకు వాళ్ళు ఎంత చదివించారో చూసి, దానికి కొంచెం కలిపి చదివిస్తారు. ఇది నాకు తెలియని ఆచారం ఏమీ కాదు. మా ఇంట్లోనూ అంతే. కానీ ఆ టిక్కులు కళ్ళతో చూశాకే కథ రెండో సగం కనిపించింది.

పెళ్ళికొడుకు ఇచ్చిన ఆ అయిదు వేల నూట పదహార్లు పుస్తకంలో మామయ్య పేరున ఉన్నాయి. కొన్నేళ్ళకు మామయ్య కూతురి పెళ్ళి శుభలేఖ వస్తుంది. బొట్టు పెట్టి పిలవలేదు, పోస్టులో వచ్చింది. తల్లి పుస్తకం తీస్తుంది. అక్కడ అన్నయ్య పేరు కనబడుతుంది, పక్కన మనిషి చేత పంపినట్టు రాసి ఉంటుంది. ఆవిడ ఆ పెళ్ళికి వెళ్తుంది. పదివేల నూట పదహార్లు చదివిస్తుంది. అప్పుడు మామయ్య చదివింపులు రాసిన పెద్దమనిషి ఇంటికి వస్తాడు: నేను ఇవ్వనిది నాకు తిరిగి ఎలా వచ్చింది?

జూన్‌లో ఖాళీగా వదిలిన చోట మనిషి వచ్చి కూర్చున్నాడు. చెప్పేది చదివింపులు రాసినాయన, వినేది మేనమామ.

వర్ణన అభ్యాసం గురించి నా అభిప్రాయం: వస్తువు ఎదురుగా ఉండి తీరాలి, చేత్తో తిరగేసే వీలుండాలి. ఊహించి వర్ణిస్తే పసుపు మూలలు రాసేదాన్ని, టిక్కులు రాసేదాన్ని కాదు.

జూలై, అప్రస్తుత ప్రసంగం

దీన్ని బాబాయ్‌కి అప్పగించాం. ఇంతకన్నా సరైన మనిషి ఊళ్ళో లేడు. నియమం ఇలా: నేను కథ నోటితో చెబుతూ ఉంటాను. ఆయన ఎప్పుడు పడితే అప్పుడు సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. నేను నవ్వి ఊరుకోకూడదు, జవాబును కథలోనే ఇరికించాలి.

మైకులో మామయ్య పేరు చదవబోతున్న చోటికి వచ్చాను. "పెళ్ళికొడుకు మేనమామగారు..." అన్నానో లేదో, "అమ్మాయ్, ఎండాకాలం పెళ్ళి అన్నావు, కరెంటు ఎప్పుడు పోయింది?" అన్నాడు బాబాయ్.

అక్కడే పోయింది. పేరు మైకులో పడే క్షణానికి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు ఆ పేరు చదవడం అయిపోయింది. బల్ల చుట్టూ ఉన్న నలుగురికి తప్ప ఎవరికీ వినబడలేదు, తల్లి వంటల దగ్గర ఉంది. కొడుకు ఏ పని కోసం డబ్బు పెట్టాడో ఆ పని జరగలేదు. మిగిలింది పుస్తకంలో గీత ఒక్కటే. ఇప్పుడా పుస్తకం మీద కథ బరువంతా పడింది. నేను చేసుకున్న ప్లానులో మైకు బాగానే పలికింది, తల్లి వింది, తృప్తి పడింది. కథ అక్కడితో చల్లారిపోయేది.

ఆయన వేసిన ఇంకో ప్రశ్న: "పుస్తకం అన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని ఆవిడ ఒక్కసారీ తెరవలేదా? ఎవరు నమ్ముతారు?" ఇది అప్రస్తుతం కాదు, నేరుగా కథ గుండెల మీద చెయ్యి వేయడమే. జవాబు దొరకడానికి వారం పట్టింది. పుస్తకం భర్త దగ్గర ఉండేది. ఏ పెళ్ళికి ఎంత అన్నది ఆయనే చూసుకునేవాడు. ఆయన పోయాక వచ్చిన మొదటి శుభలేఖ ఇది. అంటే ఆయన ఆ గీత చూసే ఉంటాడు. చూసి, ఏమీ అనలేదు. ఈ మాట కథలో ఒక్క వాక్యం. కానీ దాంతో ఇంకో మనిషి కూడా ఆ రహస్యంలో భాగస్తుడయ్యాడు.

మూడో ప్రశ్న అలక గురించి. "ఇంతకీ దేనికి అలిగాడు? అప్పటికి ఏ సంవత్సరం?" ఇక్కడ నాకు తెలిసిన సంగతి అక్కరకొచ్చింది. మా కుటుంబాల్లో ఈ గొడవ చూడనివాళ్ళు తక్కువ. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది, సెప్టెంబరు 9 నుంచి అమలు. అందులో పెళ్ళి తేదీ అడ్డం లేదు. దాంతో పొలం అమ్మబోయిన ప్రతి అన్నయ్యకూ కొనేవాడి నుంచి ఒకటే మాట వినబడసాగింది: ఆడపడుచుల సంతకాలు పెట్టించండి.

నా కథలో చెల్లెలి పెళ్ళి 1981. పాతికేళ్ళు తనకేమీ లేదనుకుని బతికింది, అడగలేదు. 2006లో అన్నయ్య కాగితాలు పట్టుకుని వచ్చి సంతకం పెట్టమన్నాడు. ఆవిడ కాదనలేదు. "రేపు పెడతాను" అంది. ఆ "రేపు" ఆయనకు తగిలింది. పెళ్ళి ఆ మరుసటి వేసవిలో. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఇద్దరికీ న్యాయం ఉంది. అలక అనే మాటకి ఇప్పుడు తేదీ వచ్చింది, దస్తావేజు వచ్చింది.

ఇన్ని అభ్యాసాల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది ఇదే. ఒంటరిగా చేయలేం. ఎదురుగా ఒక మనిషి కావాలి, ఆ మనిషికి సాహిత్యం తెలియకపోయినా ఫర్వాలేదు, కుతూహలం ఉంటే చాలు.

జూలై చివర, ఘంటాగణనం వగైరా

గంట ఎన్నిసార్లు కొట్టారో లెక్కపెడుతూ రాయడం మా పనికి రాలేదు. అవధానికి అది ఏకాగ్రతకు పరీక్ష. కథకు దాని వల్ల ఒరిగిందేమీ లేదు. తీసేశాం. వ్యస్తాక్షరిలో అక్షరాల్ని వరస తప్పించి ఇస్తారు, అవధాని వాటిని కూర్చి చెప్పాలి. దాన్ని సన్నివేశాల వరస తారుమారు చేసి రాయడంగా మార్చి చూశాం. అమ్మాయికి నచ్చింది, నాకు నచ్చలేదు, ఉంచాం. పురాణపఠనం జోలికి పోలేదు. ఆశువు బాబాయ్ ఒక్కడికే పెట్టాం. పోస్టుమాన్ సమస్య ఇచ్చి అక్కడికక్కడే చెప్పమన్నాం. కాఫీ చల్లారేలోపు ఒక కథ చెప్పేశాడు. అమ్మాయి ఫోన్లో రికార్డు చేసింది, అక్షరం మార్చకుండా కాగితం మీద పెడుతోంది.

ఆగస్టు, నిషిద్ధం

అసలు నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే తర్వాత ఏ అక్షరం రాబోతుందో పృచ్ఛకుడు ఊహించి దాన్ని నిషేధిస్తాడు. వచనంలో అక్షరం బదులు మాట పెట్టుకున్నాం. మాస్టారు నా పక్కనే కూర్చున్నారు. తల్లి పుస్తకంలో అన్నయ్య పేరు చూసే చోటు రాయాలి.

"ఆమె" అని రాశాను. "కళ్ళు నిషిద్ధం" అన్నారు.

నిజమే, అదే రాయబోతున్నాను. "ఆమె వేలు" అని మార్చాను. "వణకడం నిషిద్ధం."

"ఆమె వేలు ఆ పేరు మీద..." "ఆగడం నిషిద్ధం."

వేలు ఆగకూడదంటే ముందుకు పోవాలి. "ఆమె వేలు ఆ పేరు దాటి కిందికి పోయింది." ఇది రాశాక నాకే ఆశ్చర్యం వేసింది. చూసి కూడా దాటిపోయింది, నమ్మలేదు కాబట్టి. "ఇప్పుడు వెనక్కి రావడం నిషిద్ధం, ఏడవడం సరేసరి" అన్నారు మాస్టారు.

కిందికే పోతే పేజీ అడుగున ఏముంటుంది? మొత్తం ఉంటుంది. జూలైలో ఆ పుస్తకం తిరగేసి ఉండకపోతే నాకది తెలిసేది కాదు. ఇలా పూర్తయింది:

"ఆమె వేలు ఆ పేరు దాటి కిందికి పోయింది. పేజీ అడుగున మొత్తం వేసి ఉంది. మనవడి పెన్సిలు తెచ్చుకుని, శుభలేఖ వెనక, మొదటి పేరు నుంచి కూడటం మొదలుపెట్టింది. రెండుసార్లు కూడింది. అయిదు వేల నూట పదహార్లు కలిపితేనే లెక్క సరిపోతోంది."

మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అమ్మాయ్, ఈ చోటు ఇక ముట్టుకోకు" అన్నారు.

మాటల నిషేధం పనిచేసే తీరు నాకిప్పుడు అర్థమవుతోంది. మొదట తోసుకొచ్చే మాట ఎప్పుడూ ఇంతకుముందు వందమంది రాసినదే. దాన్ని ఆపితే రెండోది వస్తుంది, అదీ అంతే. మూడోదో నాలుగోదో దగ్గర మనం ఆ మనిషి చేసే పనిని చూడక తప్పదు. పని దొరికిందంటే భావం చెప్పే అవసరం పోతుంది.

ఆగస్టు, నిరోష్ఠ్యం

ఇది మామూలుగా అవధానంలో పెట్టే అంశం కాకపోయినా మాస్టారు పట్టుబట్టి చేర్చారు. పెదవులు తగలని అక్షరాలతోనే రాయడం. పదహారో శతాబ్దంలో మరింగంటి సింగరాచార్యులు రామకథను నిరోష్ఠ్యంగా రాశాడు. ఆ కావ్యం పేరు దశరథరాజనందన చరిత్ర. కథానాయకుడి పేరులో మకారం ఉంది, ఆ పేరు పలికితే పెదవులు కలుస్తాయి, కాబట్టి కావ్యం పేరులోనే ఆయన దశరథరాజనందనుడయ్యాడు. రాముణ్ణి రాముడనకుండా రామాయణం!

మేము ప, ఫ, బ, భ, మ అయిదింటినే నిషేధించాం. పేరా ఒక్కటి చాలు అనుకున్నాం. నా కథకు ఈ నిషేధం ఎంత కఠినమో మొదటి వాక్యంలోనే తెలిసింది. అమ్మ రాదు. మామయ్య రాడు. పెళ్ళి లేదు, పుస్తకం లేదు, డబ్బు లేదు, భూమి లేదు, మామిడి లేదు. కథలో ముఖ్యమైన పేర్లన్నీ పోయాయి. పెళ్ళి రోజు ఉదయం తల్లి వీధిలోకి చూసే ఘట్టం తీసుకున్నాను:

"అన్నయ్య రాలేదు. రాడని తనకు తెలుసు. అయినా అరుగు దాటి, వీధి చివరి దాకా చూసి, తిరిగి లోనికి నడిచింది. 'ఎవరొస్తారని అలా చూస్తున్నావు?' తోటికోడలు అడిగింది. 'ఎవరొస్తారు? ఎండ ఎలా ఉందో చూశాను' అంది."

మామూలుగా రాసి ఉంటే ఇక్కడ మామయ్య మీద ప్రేమ, బాధ, అభిమానం అని మూడు మాటలు వచ్చి పడేవి. మూడింటిలోనూ మ, బ, భ ఉన్నాయి. ఏదీ దొరకక ఎండ వచ్చింది. ఈ పేరాని కూడా ఉన్నదున్నట్టు కథలోకి ఎక్కించాను. కథంతా ఇలా రాయమంటే మాత్రం నా వల్ల కాదు, అవసరం కూడా లేదు. ఎక్కడ భావం పొంగిపోతుందని భయం వేస్తుందో అక్కడ ఒక పేరాకి ఈ గొళ్ళెం పెడితే చాలు.

సెప్టెంబరు, ధారణ

అవధానం చివర్లో పద్యాలన్నీ తలపులోంచి తీసి వరసగా అప్పజెప్పాలి. మేము దాన్ని ఇలా చేశాం: చిత్తుప్రతి మాస్టారు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. కొన్నాళ్ళు నా దగ్గర కాగితం లేదు. తర్వాత కూర్చోబెట్టి కథంతా మళ్ళీ రాయమన్నారు, జ్ఞాపకం నుంచే.

రాసింది, తాళంలో ఉన్నది పక్కపక్కన పెట్టి నలుగురం చదివాం. గుమ్మం దగ్గర కుండీలు పోయాయి, ఎవరికీ వెలితి అనిపించలేదు. పందిరి వర్ణన మూడు వంతులు పోయింది. చట్టం వివరాలు చాలా మటుకు రాలేదు. 1985 రాలేదు, 2005 రాలేదు. "కొనేవాడు నీ సంతకం కూడా కావాలంటున్నాడు" అన్న అన్నయ్య మాట, "రేపు పెడతాను" అన్న చెల్లెలి మాట మాత్రం నిలిచాయి. తేదీలు నేను తెలుసుకుని ఉండాలి, కథకు అవి అక్కర్లేదు. మామిడి చెట్టు మొదటి ప్రతిలో ఒక్కచోటే ఉండేది, జ్ఞాపకంలో రెండు చోట్లకు పాకింది. కూడిక లెక్క అక్షరం మారకుండా వచ్చింది.

చివర మాత్రం మారింది. మొదటి ప్రతిలో పెద్దమనిషి జరిగినదంతా మేనమామకు విడమర్చి చెబుతాడు. రెండోసారి రాసేటప్పుడు ఆ వివరణ నాకు గుర్తు రాలేదు, చేయి వేరే వైపు పోయింది. మేనమామ "నేను చదివించలేదు కదండీ" అంటాడు. పెద్దమనిషి "చదివించారు. నేనే రాశాను" అంటాడు. ఇక ఒక్క మాట కూడా చెప్పడు. ఏది ఉంచాలన్న దాని మీద వాదన నడిచింది. బాబాయ్‌కి వివరణే కావాలి, పాఠకుడికి అర్థం కాదేమోనని ఆయన టెన్షన్. అమ్మాయి, మాస్టారు రెండోదానికే ఓటేశారు. నేనూ అంతే. ఇదే ఉంచుతున్నాను.

ప్రస్తుతం ఎక్కడున్నాం

కథ సాఫు ప్రతి అయింది. ఒక మాసపత్రికకు పంపాను. అమ్మాయి దొంగ కథకి ధారణ ఇంకా మిగిలి ఉంది. బాబాయ్ ఆశువు కథ కాగితం మీదికి వచ్చింది, ఆయన దాన్ని ఇంకా చదవలేదు.

మా అభ్యాసాల వరస ఇప్పటికి ఇలా కుదిరింది: ముందు సమస్య, దాన్ని ఎవరు ఎవరితో చెబుతున్నారో తేల్చుకోవడం, ఆ తర్వాత దత్తపది, చేతిలో పట్టుకోగల వస్తువుతో వర్ణన, పక్కవాడి చేత అప్రస్తుత ప్రసంగం, ముఖ్యమైన చోట నిషిద్ధం, ఆఖరున ధారణ. నిరోష్ఠ్యం కావాలనుకున్నవాళ్ళకు. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దని చెబుతాను. ఒక సమస్య, ఒక పృచ్ఛకుడు ఉంటే మొదటి ఆదివారం గడిచిపోతుంది.

రెండో విడత దత్తపదికి ఈసారి తాడితోట బట్టల కొట్లకు వెళ్దామని అనుకుంటున్నాం. సమస్య ఇచ్చే వంతు మాస్టారిది. నిన్న రాత్రే ఫోన్లో చెప్పారు: "గుడి తలుపులు మూశాకే పూజారి దణ్ణం పెట్టుకున్నాడు." ఎవరు ఎవరితో చెబుతున్నారో నేనింకా తేల్చుకోలేదు.